స్క్వాడ్: తుపాకీ కంటే ముందు మైకు కావలసిన యుద్ధపు ఆట

స్క్వాడ్ ఆటను మొదటిసారి ఆడిన సాయంత్రం గంటసేపట్లో నేను ఒక్క శత్రువును కూడా కాల్చలేకపోయాను. తూటా ఎటు నుంచి వచ్చిందో తెలియక ముందే అయిదారు సార్లు నేలకూలాను. ఒకసారి పొగలో కదిలిన నీడను శత్రువనుకొని కాల్చి, మా జట్టు మనిషినే పడగొట్టాను. మెడిక్ (వైద్యం చేసే సైనికుడు) వచ్చి లేపిన తరవాత, నా తూటాకు పడిపోయిన ఆ మనిషి కోప్పడలేదు. “కాల్చే ముందు ఒకసారి మ్యాప్ తెరవండి, మనవాళ్లు ఎక్కడున్నారో అందులో కనిపిస్తుంది” అని చెప్పి, నన్ను తన వెంట నడవమన్నారు. మిగిలిన ఆటంతా ఆయన వెనకే నడిచాను. ఈ ఆటను ఆ తరవాత మూడేళ్లుగా ఆడుతూ ఉండటానికి కారణం ఆ మాటేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

కెనడాకు చెందిన ఆఫ్‌వరల్డ్ ఇండస్ట్రీస్ రూపొందించిన స్క్వాడ్ 2015 డిసెంబరులో, ఇంకా నిర్మాణంలో ఉండగానే, ఆటగాళ్ల చేతికి వచ్చింది. దాదాపు అయిదేళ్ల మార్పులు చేర్పుల తరవాత 2020 సెప్టెంబరులో పూర్తి రూపంలో విడుదలైంది. దీని మూలాలు అంతకన్నా పాతవి. బ్యాటిల్‌ఫీల్డ్ 2 ఆటకు అభిమానులు ఉచితంగా తయారుచేసిన ప్రాజెక్ట్ రియాలిటీ అనే మాడ్‌లో (అసలు ఆటను మార్చి చేసిన రూపంలో) పనిచేసినవారిలో కొందరు స్క్వాడ్‌కు పునాది వేశారు. కంప్యూటర్‌లో మాత్రమే ఆడగలిగే ఈ ఆటలో ఒక్కో పక్షాన 50 మంది చొప్పున మొత్తం 100 మంది తలపడతారు. ప్రతి పక్షమూ తొమ్మిది మందికి మించని స్క్వాడ్లుగా విడిపోతుంది. ఆ తొమ్మిది అనే సంఖ్య చాలా ఆలోచించి పెట్టినదని నాకనిపిస్తుంది. తొమ్మిది మంది గొంతులను గుర్తుపట్టగలం, తొమ్మిది మంది ఎక్కడున్నారో మనసులో పెట్టుకోగలం; పదిహేను మందైతే అది గుంపుగా మారుతుంది.

తుపాకీ ఆటలకు అలవాటుపడినవారు ఇక్కడ ముందుగా గమనించేది తెర మీద ఏమీ లేకపోవడం. గురి చూపే గీతలు తెర మధ్యన ఉండవు. మూలన శత్రువుల ఎర్రచుక్కలు చూపే చిన్న మ్యాప్ ఉండదు. మనం కాల్చిన తూటా తగిలిందో లేదో ఏ గుర్తూ చెప్పదు, ఎదుటివాడు చనిపోయాడన్న వార్త కూడా రాదు. సగం ఖాళీ అయిన మ్యాగజైన్‌ను మార్చితే అది సగం ఖాళీగానే సంచిలోకి తిరిగి వెళ్తుంది. ఇలా తీసేసిన సమాచారమంతా మనుషుల నోటి ద్వారా రావలసి ఉంటుంది, ఆట అసలు రహస్యం అక్కడే ఉంది. పక్కన ఉన్నవారికి వినిపించేది ఒకటి, స్క్వాడ్ మొత్తానికి వినిపించేది ఒకటి, స్క్వాడ్ లీడర్లు తమలో తాము మాట్లాడుకునేది ఒకటి అని మూడు వేరువేరు మాటల దారులు ఇందులో ఉన్నాయి. “అదిగో, అక్కడ” అనే మాటకు ఈ ఆటలో విలువ లేదు. తెర కింద ఉన్న దిక్సూచి చూసి “125 డిగ్రీలు, రెండంతస్తుల ఇల్లు, పై కిటికీ, 200 మీటర్లు” అని చెప్పినవాడే జట్టుకు ఉపయోగపడతాడు. నాకు ఇది అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది. అలవాటయ్యాక మాత్రం మరే ఆటలోనూ తెర నిండా మెరిసే గుర్తుల మధ్య ఆడటం నాకు కష్టమైపోయింది.

స్క్వాడ్ లీడర్ పని గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పని బాగా జరిగిందా లేదా అన్నదాని మీదే మిగిలిన ఎనిమిది మంది సాయంత్రం ఆధారపడి ఉంటుంది. అతనికి ఒక చెవిలో తన స్క్వాడ్, ఇంకో చెవిలో ఇతర స్క్వాడ్ల లీడర్లు ఒకేసారి వినిపిస్తుంటారు. మధ్యలో తన చుట్టూ పడుతున్న తూటాల శబ్దం ఉంటుంది. మ్యాప్ మీద గుర్తులు పెట్టాలి, చనిపోయినవారు దగ్గర్లోనే తిరిగి ఆటలోకి దిగేందుకు ర్యాలీ పాయింట్ వేయాలి, మెడిక్‌ను వెనక ఉంచాలి, ట్యాంకు కనబడితే రాకెట్ ఉన్నవాడిని ముందుకు పంపాలి. నేను మొదటిసారి లీడర్‌గా ఉన్నప్పుడు గట్టిగా మాట్లాడితే సరిపోతుందనుకొని, పావుగంటలో మా స్క్వాడ్‌ను ముగ్గురి దాకా తగ్గించుకున్నాను. వెళ్లిపోయినవారిది తప్పు కాదు. ఏం చేయాలో చెప్పాను గాని ఎందుకో చెప్పలేదు. ఆ తరవాత “మనం ఈ గట్టు మీద ఉండాలి, ఎందుకంటే శత్రువుల ట్రక్కులు ఈ దారినే రావాలి” అని కారణం కలిపి చెప్పడం నేర్చుకున్నాక, ఎనిమిది మంది అపరిచితులు అరగంటసేపు ఒక్క తూటా కాల్చకుండా నా మాట మీద పొదల్లో పడుకొని ఉండటం చూశాను. చివరికి ట్రక్కు వచ్చింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం అంతకు ముందు ఆడిన ఏ ఆటలోనూ కలగలేదు.

గెలుపోటములను టికెట్లు అనే పాయింట్లు నిర్ణయిస్తాయి, అవి ముందుగా అయిపోయిన పక్షం ఓడిపోతుంది. రెండు పక్షాలూ కొన్ని వందల టికెట్లతో మొదలవుతాయి. చనిపోయిన ప్రతి సైనికుడికి ఒకటి, పోగొట్టుకున్న వాహనానికి దాని స్థాయిని బట్టి ఎక్కువ తగ్గుతాయి. తూటా తగిలి పడిపోయినంత మాత్రాన టికెట్ పోదు. మెడిక్ వచ్చి లేపితే ఆ ప్రాణం జట్టుకు మిగిలినట్టే. కాబట్టి పడిపోయిన వెంటనే విసుగుతో ‘వదిలేస్తాను’ అనే మీట నొక్కి కొత్తగా దిగేవాడు తన జట్టుకు నష్టం చేస్తున్నాడు, ఓపికగా మెడిక్ కోసం ఎదురుచూసేవాడు మేలు చేస్తున్నాడు. రక్తం ఆగేలా కట్టు కట్టడం ఎవరికైనా సాధ్యమే, పూర్తిగా కోలుకునేలా వైద్యం చేయగలవాడు మెడిక్ ఒక్కడే. ఒక్కడిని చంపినవాడి కంటే నలుగురిని లేపినవాడు ఎక్కువ పని చేశాడని లెక్కల్లోనే చెప్పిన యుద్ధపు ఆటలు నేను ఎక్కువ చూడలేదు.

అంతకన్నా గొప్ప విషయం సరఫరా. స్క్వాడ్ లీడర్ ఒక చోట రేడియో పెడతాడు. దాని చుట్టూ అందరూ చిన్న పారలతో తవ్వి హ్యాబ్ అనే స్థావరాన్ని కడతారు. జట్టులో ఎవరు చనిపోయినా అక్కడ తిరిగి దిగవచ్చు. అయితే హ్యాబ్‌కూ, ఇసుక బస్తాలకూ, మోర్టార్లకూ కట్టుబడి సామగ్రి కావాలి, మందుగుండు కావాలి. వాటిని వెనక ఉన్న ప్రధాన స్థావరం నుంచి లాజీ అనే సరఫరా ట్రక్కులో ఎవరో ఒకరు మోసుకురావాలి. మ్యాప్ (ఆట జరిగే యుద్ధరంగం) పెద్దదైతే ఆ ప్రయాణానికే అయిదారు నిమిషాలు పడుతుంది, దారిలో మందుపాతర ఉండవచ్చు. శత్రువులు చాలా దగ్గరికి వస్తే హ్యాబ్ పనిచేయడం మానేస్తుంది. రేడియోనే తవ్వి పీకేస్తే టికెట్లు కూడా పోతాయి. యెహొరివ్కా అనే విశాలమైన పొలాల మ్యాప్‌లో ఒక రాత్రి మేము రెండు గ్రామాలు కోల్పోయి ఓటమి అంచున ఉన్నాం. అప్పుడు మా లాజీ ట్రక్కు నడుపుతున్న మనిషి ఎవరూ అడగకుండానే అడవి దారిన తిరిగివెళ్లి శత్రువుల వెనక వైపు సామగ్రి దించారు. అక్కడ కట్టిన హ్యాబ్ నుంచి ఇరవై మంది దిగాక యుద్ధం దిశ మారిపోయింది. ఆట ముగిశాక పట్టికలో ఆయన పేరు ఎదుట చంపిన లెక్క సున్నా ఉంది. మాట్లాడే వీలున్న ఆ కొన్ని క్షణాల్లోనూ అందరూ ఆయనకే కృతజ్ఞతలు చెప్పారు.

వాహనాల గురించి క్లుప్తంగా చెబుతాను. ట్యాంకును ఒక్కడే నడుపుతూ కాల్చడం కుదరదు. డ్రైవరు, గన్నరు వేరువేరు మనుషులు, ఇద్దరూ సిబ్బంది కిట్ (వాహన సిబ్బంది పాత్రకు ఇచ్చే సామాను) తీసుకొని ఉండాలి. డ్రైవరుకు కనిపించేది సన్నని గాజు పట్టీలోంచి కనిపించినంతే. హెలికాప్టరు నడపడం నేర్చుకోవడానికి శిక్షణ మైదానంలో చాలా గంటలు వెచ్చించాలి, అది నేర్చుకోకుండా పదిమందిని ఎక్కించుకోవడం వారికి అన్యాయం.

2023లో కాల్పుల తీరును కంపెనీ పూర్తిగా మార్చింది. పరుగెత్తి ఆగి వెంటనే తుపాకీ ఎత్తితే చేతులు ఊగుతాయి. తూటాలు దగ్గరగా దూసుకుపోతుంటే చూపు మసకబారుతుంది. గురి నిలవడానికి ఊపిరి సర్దుకోవాలి. చురుకైన వేళ్లతో మూలమలుపుల్లో నెగ్గే ఆటగాళ్లలో చాలామందికి ఇది నచ్చలేదు, తమ చేతిలోని నైపుణ్యాన్ని లాక్కున్నారని వారు బాధపడ్డారు. వారి బాధలో నిజం ఉంది, ముఖ్యంగా ఇళ్ల మధ్య జరిగే పోరులో తుపాకీ మరీ బరువుగా అనిపిస్తుంది. అయినా నేను ఆ మార్పు వైపే నిలబడతాను. అంతకు ముందు మెషిన్ గన్ కాల్చేవాడు ఎవరినీ తాకకపోతే వృథా. ఇప్పుడు అతను శత్రువులను గోడ వెనక తల ఎత్తనివ్వకుండా ఆపితే చాలు, ఆ వ్యవధిలో మిగిలినవారు పక్క నుంచి చుట్టుముట్టగలరు. అంటే ఒక్కడి నైపుణ్యం తగ్గి జట్టు నైపుణ్యం పెరిగింది.

మ్యాపుల్లో కొన్ని నిజమైన ప్రదేశాల పేర్లతో ఉన్నాయి: ఇరాక్‌లోని ఫల్లూజా, బస్రా, ఎస్టోనియా సరిహద్దులోని నార్వా, కెనడాలోని గూస్ బే. నార్వా వీధులూ ఫల్లూజా సందులూ ఎంతో శ్రద్ధగా తీర్చినవి. ఒక విషయం మాత్రం నన్ను ప్రతిసారీ ఆపుతుంది. 2004లో ఫల్లూజాలో రెండు భీకరమైన యుద్ధాలు జరిగాయి. ఆ ఊళ్లో సాధారణ ప్రజలు ఉన్నారు, వారిలో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఆటలోని ఫల్లూజాలో మంచాలు ఉన్నాయి, వంటగదులు ఉన్నాయి, మనుషులు లేరు. తనను తాను వాస్తవికమని చెప్పుకునే ఆట ఇది, ఆ వాస్తవికత తుపాకుల దగ్గర, రేడియోల దగ్గర ఆగిపోతుందన్న సంగతిని ఆడేవారు మరవకూడదు. పిల్లలతో కలిసి ఆడాలనుకునే పెద్దలు ముందుగా వారితో ఈ మాట మాట్లాడటం మంచిది.

లోపాలు చిన్నవి కావు. ఈ ఆటకు శక్తిమంతమైన కంప్యూటర్ కావాలి. 2025లో ఆట అన్‌రియల్ ఇంజిన్ 5 అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్‌కు మారాక వెలుతురు, ఆకులు, గోడల నీడలు అందంగా మారాయి గాని పాత యంత్రాలున్నవారు కొనే ముందు కంపెనీ చెప్పిన కనీస అవసరాలను తప్పక సరిచూసుకోవాలి. మంచి సర్వర్లలో చోటు కోసం చాలాసేపు వరుసలో వేచి ఉండాలి. ఒక్కో ఆట దాదాపు గంట సాగుతుంది, మధ్యలో లేచి వెళితే ఎనిమిది మందికి ఇబ్బంది. అన్నిటినీ మించి, మనుషుల మీద ఇంతగా ఆధారపడిన ఆట మనుషులు బాగాలేని రోజున నిలవదు. ఒక సర్వర్‌లో ఒక లీడర్ కొత్తగా వచ్చిన అమ్మాయి గొంతు విని వెకిలి మాటలు మొదలుపెట్టారు, నిర్వాహకుడు వచ్చేలోపే ఆమె వెళ్లిపోయారు. ఆ రోజు నేను వెంటనే ఫిర్యాదు చేయకుండా కొన్ని నిమిషాలు ఆలస్యం చేశాను, అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. నిర్వాహకులు ఎప్పుడూ అందుబాటులో ఉండే సర్వర్లనే ఎంచుకోవాలని ఆ తరవాత నియమం పెట్టుకున్నాను.

అరగంట తీరిక దొరికినప్పుడు సరదాగా కాల్చుకోవాలనుకునేవారికి ఈ ఆట సరిపోదు. వారానికి రెండు సాయంత్రాలు, ఒక్కోసారి రెండు గంటలు కేటాయించగలిగి, తెలియని మనిషి చెప్పిన మాట వినడానికీ తెలియనిది అడగడానికీ సంకోచించనివారికి దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. కొన్నవారు ముందుగా శిక్షణ మైదానంలో ఒక గంట గడిపి, మైకు సరిగా పనిచేస్తోందో చూసుకోవాలి. మొదటి పది ఆటల్లో రైఫిల్‌మన్‌గా (మామూలు సైనికుడిగా) గాని మెడిక్‌గా గాని ఉండటం మంచిది. రైఫిల్‌మన్ దగ్గర మందుగుండు సంచి ఉంటుంది కాబట్టి గురి కుదరకపోయినా జట్టుకు అవసరమైనవాడవుతాడు. స్క్వాడ్‌లో చేరగానే “నేను కొత్త, ఎవరి వెంట ఉండాలి?” అని అడగండి. ఆ ప్రశ్నకు మీ లీడర్ సమాధానం ఇవ్వకపోతే మొహమాటపడకుండా బయటకు వచ్చి, అదే పక్షంలోని మరో స్క్వాడ్‌లో చేరి, మళ్లీ అదే అడగండి.