పన్నెండేళ్లుగా మెకానికల్ వాల్వ్‌తో: నా అనుభవం

2013 ఫిబ్రవరిలో నా గుండెలోని మైట్రల్ వాల్వ్ (ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే కవాటం) తీసేసి కార్బన్‌తో చేసిన మెకానికల్ వాల్వ్ పెట్టారు. అప్పటికి నాకు 36 ఏళ్లు. సెయింట్ జూడ్ కంపెనీది, రెండు రెక్కలది, 27 సైజు. పన్నెండేళ్లు దాటింది. వాల్వ్‌తో ఇంతవరకు ఒక్క ఇబ్బంది లేదు. ప్రతి ఏడూ ఎకో (గుండె స్కాన్) తీసి బాగుందనే చెబుతున్నారు. నేను పడ్డ ఇబ్బందులన్నీ దాని మీద రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రతోనే. వాల్వ్ ఎంచుకునే రోజున మేం వాల్వ్ గురించి వంద ప్రశ్నలు అడిగాం, మాత్ర గురించి ఒక్కటీ అడగలేదు.

చిన్నప్పుడు కీళ్లనొప్పులతో వచ్చిన జ్వరం నా వాల్వ్‌ను పాడుచేసింది. 22వ ఏట ఇరుకైన వాల్వ్‌ను బెలూన్‌తో తెరిచారు. పద్నాలుగేళ్లు ఎలాగో నెట్టుకొచ్చాను. తర్వాత ఉప్పల్‌లో మా ఫ్లాట్ రెండో అంతస్తుకి ఎక్కాలంటే మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకోవాల్సి వచ్చేది. ఇక ఆపరేషన్ తప్పదన్నారు.

సర్జన్ మా ముందు రెండు దారులు పెట్టారు. ఒకటి టిష్యూ వాల్వ్: ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో గానీ పంది వాల్వ్‌తో గానీ చేస్తారు. ఆ మాట వినగానే మా అత్తయ్య దేవుడికి దండం పెట్టుకున్నారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది, కానీ నేను మెకానికల్ తీసుకున్నది అందుకు కాదు. టిష్యూ వాల్వ్ పెద్దవాళ్లలో పది పదిహేనేళ్లు వస్తుంది, వయసు తక్కువైతే ఇంకా త్వరగా అరిగిపోతుంది. అంటే యాభై రాకముందే మళ్లీ ఛాతీ తెరవాలి. మా చిన్నమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. ఆ లెక్క చూసుకుని మెకానికల్ అన్నాను.

మెకానికల్‌లో ఏ కంపెనీ అని మా ఆయన చాలా తిరిగారు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన చిత్ర వాల్వ్ కూడా ఉంది. ఒకే బిళ్ల వాలుతూ లేస్తూ పనిచేస్తుంది, 1990 నుంచి మనుషులకు పెడుతున్నారు, ధర కూడా తక్కువ. మా వార్డులోనే ఒకామెకి అదే పెట్టారు. ఏ కంపెనీది పెట్టించుకున్నా రక్తం గడ్డకట్టకుండా మాత్ర జీవితాంతం వేసుకోవాల్సిందే. కంపెనీ గురించి మేం పడ్డ టెన్షన్‌లో సగం అనవసరం.

ముందు చప్పుడు సంగతి. మొదటి ఆర్నెల్లు రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. టిక్ టిక్‌మని లోపల కొట్టుకుంటూనే ఉంటుంది. నోరు తెరిస్తే ఇంకా బాగా వినిపిస్తుంది. ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం మానేశాను. రెండేళ్ల తర్వాత అలవాటైంది. ఇప్పుడు పొద్దున లేవగానే నేనే చెవిపెట్టి వింటాను, ఎందుకంటే చప్పుడు మందగిస్తే వాల్వ్ మీద గడ్డ కట్టి ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా రావాలని డాక్టర్ చెప్పారు. మెట్రో స్టేషన్లో మెషిన్ మోగుతుందని కూడా భయపడ్డాను. ఒక్కసారీ మోగలేదు.

ఇక మాత్ర. నాది ఎసిట్రోమ్. సోమ, గురువారాల్లో 3 మిల్లీగ్రాములు, మిగతా రోజుల్లో 2, రాత్రి తొమ్మిదింటికి. నెలకోసారి ఐఎన్‌ఆర్ టెస్ట్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే టెస్ట్. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది, నాకు 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డలు, పెరిగితే రక్తస్రావం. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మాత్రకి ఎదురు పనిచేస్తుంది. నాకిది ఆషాఢంలో తెలిసింది. బోనాలకి అమ్మ వాళ్లింటికి వెళ్లాను. ఆషాఢంలో మునగాకు తినాలని అమ్మ వారం రోజులు పప్పులో, వేపుడులో, పొడిలో అదే పెట్టింది. ఇంటికొచ్చి టెస్ట్ చేయిస్తే 1.6. ఆ రాత్రంతా చప్పుడు వింటూ కూర్చున్నాను. అప్పటినుంచి ఆకుకూర మానలేదు, మానక్కర్లేదు కూడా. వారానికి మూడుసార్లు, ఎప్పుడూ ఒకే కొలత.

పెరగడం అంతకన్నా భయంకరం. 2017లో పన్ను వాచి దగ్గర్లోని ఒక క్లినిక్‌కి వెళ్లాను. వాల్వ్ ఉందని చెప్పాను, కార్డు చూపించాను. అయినా మెట్రోనిడజోల్, పైన నొప్పికి డైక్లోఫెనాక్ రాశారు. నేనూ అడగకుండా వేసుకున్నాను. ఐదో రోజు బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. ఐఎన్‌ఆర్ 7.2. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఆ యాంటీబయాటిక్ ఎసిట్రోమ్ ప్రభావాన్ని బాగా పెంచుతుంది, డైక్లోఫెనాక్ కడుపులో రక్తస్రావం తెస్తుంది. ఇప్పుడు నొప్పికి పారాసిటమాల్ తప్ప ఏదీ ముట్టను. కొత్త మందు ఎవరు రాసినా ముందు నా కార్డియాలజిస్ట్‌కి ఫోన్ చేస్తాను, మూడో రోజు టెస్ట్ చేయిస్తాను. పన్ను పని ఏదైనా ఉంటే గంట ముందు యాంటీబయాటిక్ వేసుకుంటాను, లేకపోతే నోటిలోని క్రిములు రక్తంలో చేరి వాల్వ్‌ను పట్టుకోవచ్చు.

ఆడవాళ్లకి ఒక మాట విడిగా చెప్పాలి. ఈ మాత్ర మొదలయ్యాక నా పీరియడ్స్ ఏడెనిమిది రోజులు నడిచేవి. రక్తంలో హిమోగ్లోబిన్ 7.4కి పడిపోయింది. స్కూల్లో నాలుగో పీరియడ్ పాఠం చెబుతూ బోర్డు పట్టుకుని నిలబడేదాన్ని. గర్భసంచి తీసేయడమొక్కటే మార్గమని ఒక చోట చెప్పారు. నేను ఒప్పుకోలేదు. చివరికి గైనకాలజిస్ట్, కార్డియాలజిస్ట్ మాట్లాడుకుని గర్భసంచిలో హార్మోన్ లూప్ వేశారు. మూడు నెలల్లో మనిషినయ్యాను. ఆపరేషన్‌కి ముందే ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే ఏడాదిన్నర నరకం తప్పేది.

వాల్వ్ ఆపరేషన్ అప్పుడు నా పక్క మంచం మీద సూర్యాపేట పెద్దమ్మ ఉండేది. 67 ఏళ్లు, అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి పెద్ద రక్తనాళంలోకి తెరుచుకునేది), టిష్యూది. మూడు నెలలకే ఎసిట్రోమ్ ఆపేసి ఆస్పిరిన్ మీద ఉంచారు. టెస్టుల్లేవు, ఆకుకూర లెక్కల్లేవు. మునగాకు సంగతి చెబితే ఫోన్లో నా కోసం ఏడ్చింది. పదకొండో ఏట ఆమె వాల్వ్ బిగుసుకుంది. ఛాతీ తెరవకుండా తొడ నుంచి గొట్టం పంపి, పాతదాని లోపలే కొత్తది పెట్టారు. ఖర్చు కోసం ఎకరం పొలం అమ్మారు. ఆమె వయసుకి ఆమె చేసింది సరైనదే.

ఇప్పుడు టెస్ట్ అక్కర్లేని కొత్త మాత్రలొచ్చాయి కదా అని చుట్టాలు అంటుంటారు. అవి మనకు కాదు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ను మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్ల మీద పరీక్షించారు. గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువవడంతో మధ్యలోనే ఆపేశారు. దయచేసి ఎవరి మాటా విని మార్చకండి.

ఇదంతా రాయడానికి కారణం మా స్కూల్లో కొత్తగా చేరిన టీచర్. 26 ఏళ్లు, పెళ్లయి ఏడాది, మైట్రల్ వాల్వ్ లీకవుతోంది. "అక్కా, మీరు పెట్టించుకున్నదే పెట్టించుకుంటా" అంది. వద్దన్నాను. నాకప్పటికే ఇద్దరు పిల్లలు. గర్భం మొదటి మూడు నెలల్లో ఈ మాత్ర బిడ్డకి అవయవ లోపాలు తేగలదు, ఆపేస్తే తల్లి వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం. పిల్లలు కావాలన్న మాట సర్జన్‌తో మొదటే చెప్పమన్నాను. అసలు వాల్వ్ మార్చకుండా రిపేర్ కుదురుతుందా అని కూడా అడగమన్నాను. అడిగింది. కుదరొచ్చు, గొంతులోంచి చేసే ఎకో చూశాక చెబుతామన్నారట. వచ్చే మంగళవారం ఆ ఎకో. వాళ్లాయనకి సెలవు దొరకలేదు, నేను తోడు వెళ్తున్నాను.