అమ్మ ఉంటున్న నర్సింగ్ ఫెసిలిటీ: రెండేళ్ళు చూశాక

న్యూజెర్సీలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీలో (నర్సులు, థెరపిస్టులు ఉండి చూసుకునే చోటు) అమ్మ రెండేళ్ళకు పైగా ఉంటోంది. స్ట్రోక్‌తో కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. హాస్పిటల్ నుంచి థెరపీకని వచ్చి, తర్వాత అక్కడే లాంగ్‌టర్మ్ విభాగానికి మారింది. ఇంట్లో పెట్టుకోలేకపోయారా అని చుట్టాలు అడుగుతారు. ఇద్దరు పట్టుకుంటే తప్ప మంచం దిగలేని మనిషిని రాత్రీ పగలూ చూసుకోవడం మా వల్ల కాలేదు. ఈ ఫెసిలిటీకి నేనిచ్చేది అయిదుకి మూడున్నర మార్కులు.

థెరపీకి పూర్తి మార్కులు. నడుముకి బెల్టు కట్టి నిలబెట్టారు, ఎడమ చేత్తో తినడం నేర్పారు. నీళ్ళు తాగితే పొరపోతోందని స్పీచ్ థెరపిస్టే కనిపెట్టింది. అప్పటినుంచి చారు, మజ్జిగ కూడా పొడి కలిపి చిక్కగా చేసే ఇవ్వాలి. ఇంటినుంచి తెచ్చేవాళ్ళు ఇది మర్చిపోకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

డబ్బు సంగతి ముందే తెలుసుకోండి. ఒరిజినల్ మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి అమెరికా ప్రభుత్వమే నేరుగా ఇచ్చే ఆరోగ్య బీమా) మొదటి 20 రోజులకి పూర్తిగా ఇస్తుంది, 21 నుంచి 100వ రోజు వరకు రోజుకింత మనం కట్టాలి, ఆ పైన ఏమీ రాదు. అది కూడా అంతకుముందు హాస్పిటల్లో వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉంటేనే. హాస్పిటల్ మంచం మీదే ఉన్నా, ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోకుండా ‘అబ్జర్వేషన్’ (గమనిస్తున్నాం) అని రాస్తే ఆ రోజులు లెక్కలోకి రావు. అందుకే ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా అని హాస్పిటల్లో మొదటి రోజే అడగాలి.

తిండి బాగుండదు. శాకాహారమంటే ఉడికించిన బీన్స్, మెత్తటి బంగాళాదుంప, అంతే. మేం తెచ్చే పెరుగన్నం మీద పేరు, తేదీ రాసి ఫ్రిజ్‌లో పెడతారు. బట్టలు లాండ్రీలో పోతుంటాయి, ప్రతి నైటీకి పేరు కుట్టించాం.

అక్కడ రోజు ఎలా గడుస్తుందనేది సీఎన్ఏల (నర్సులకి సాయంగా ఉండే సహాయకుల) మీదే ఆధారపడి ఉంటుంది. స్నానం, డైపర్, పక్క మార్చడం అన్నీ వాళ్ళవే. పగటి షిఫ్టులో హైతీ నుంచి వచ్చిన ఒకావిడ అమ్మకి జడ వేయడం నేర్చుకుంది. అమ్మ ముఖం చూసి నొప్పి ఉందో లేదో చెప్పేస్తుంది. ఆవిడకి మేమెంతో రుణపడి ఉన్నాం. సాయంత్రాలు, శని ఆదివారాలు మనుషులు తక్కువ, బెల్ నొక్కితే చాలాసేపు ఎవరూ రారు. అలాంటి ఒక వారాంతంలోనే అమ్మ మడమ ఎర్రబడి పుండు మొదలైంది. అమ్మని ఎలా చూసుకోవాలో సిబ్బందితో కూర్చుని మాట్లాడే కేర్ ప్లాన్ మీటింగ్‌లో గట్టిగా పట్టుబట్టాక పిక్క కింద దిండు పెట్టి, రెండు గంటలకోసారి పక్క మార్చడం మొదలుపెట్టారు, తగ్గింది. ఆ మీటింగ్ మూడు నెలలకోసారి ఉంటుంది, మానకండి. అక్కడ తేలకపోతే ప్రతి రాష్ట్రంలోనూ ఆంబుడ్స్‌మన్ (ఇలాంటి చోట్ల ఉండేవాళ్ళ తరఫున ఫిర్యాదులు చూసే అధికారి) ఉంటారు, ఫిర్యాదుకి ఖర్చు లేదు.

అమ్మకి ఇంగ్లిష్ రాదు. ఫోన్లో తెలుగు దుబాసీని ఉచితంగా ఇవ్వాల్సిందే, అడిగితే ఇస్తారు. కానీ అర్ధరాత్రి దాహమేస్తే ఫోన్ ఎవరు చేస్తారు? అందుకే నొప్పి, నీళ్ళు, బాత్రూమ్, చలి అనే మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో, అర్థంతో సహా రాసి గోడకి అంటించాం. దీంతో చాలా టెన్షన్ తగ్గింది.

చోటు వెతుకుతున్నవాళ్ళు మెడికేర్ వెబ్‌సైట్‌లో ఒక్కో ఫెసిలిటీకి మొత్తం మీద ఇచ్చిన స్టార్ల రేటింగ్ చూసి ఆగిపోవద్దు. వారాంతపు సిబ్బంది ఎంత, ఏడాదిలో ఎంతమంది సిబ్బంది మానేశారు అన్నవి కూడా అక్కడే ఉంటాయి. తర్వాత ఆదివారం రాత్రి భోజనాలయ్యాక వెళ్ళి, ఎవరైనా బెల్ నొక్కి గది బయట లైటు వెలిగాక ఎంతసేపటికి మనిషి వస్తున్నారో కారిడార్లో నిలబడి చూడండి.