ల్యాబ్ మైక్రోవేవ్: రెండేళ్ళు వాడాక

మా జీడిమెట్ల ల్యాబ్‌లోకి మైక్రోవేవ్ రియాక్టర్, అంటే మైక్రోవేవ్ వేడితో రసాయన చర్యలు జరిపే మిషన్, వచ్చి రెండేళ్ళయింది. బిల్లు చూసిన అకౌంట్స్ ఆయన "ఇంట్లో ఓవెన్ ఎనిమిది వేలకే వస్తోంది కదమ్మా" అన్నాడు. నిజానికి 1986లో ఈ పద్ధతి మీద వచ్చిన తొలి పేపర్లు వంటింటి ఓవెన్లతో చేసినవే. కానీ వాటిలో వేడెంతో, ప్రెజర్ ఎంతో తెలీదు. ఇథనాల్ పోసి మూత బిగించి పెడితే అది బాంబే.

మొదట చేసింది బిజినెల్లి రియాక్షన్: బెంజాల్డిహైడ్, ఇథైల్ అసిటోఅసిటేట్, యూరియా, కాస్త యాసిడ్. ఇథనాల్‌లో రిఫ్లక్స్ పెడితే (ఆవిరిని చల్లార్చి మళ్ళీ ఫ్లాస్క్‌లోకే దింపుతూ మరిగిస్తే) 78 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. సాయంత్రం పెట్టి పొద్దున వచ్చి చూసుకోవాలి. ఇక్కడ సీల్ చేసిన వయల్‌లో (చిన్న గాజు సీసాలో) 120 డిగ్రీలు, పదిహేను నిమిషాలు. మహిమేమీ లేదు, కుక్కర్‌లో కందిపప్పు సంగతే. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చూస్తే తెల్లటి పొడి అడుగున దిగింది. ఫిల్టర్ చేసి చల్లటి ఇథనాల్‌తో కడిగాను. కాలమ్ వేయలేదు, అంటే సిలికా నింపిన గొట్టంలోంచి సాల్వెంట్లు పోసి శుద్ధి చేసే పని పడలేదు.

నా లెక్కలో గ్రీన్ (పర్యావరణానికి మేలైన) కెమిస్ట్రీ అంటే ఆ కాలమ్ వేయకపోవడమే. పావుగంటలో రియాక్షన్ ముగించి, తర్వాత రెండు లీటర్ల హెక్సేన్, ఇథైల్ అసిటేట్ కాలమ్‌లో పోస్తే ఏం మిగిలినట్టు? బ్రోషర్‌లో ఆ ముక్క ఉండదు. మైక్రోవేవ్‌లు పుట్టించే మాగ్నెట్రాన్ తాగిన కరెంటులో దాదాపు మూడో వంతు వృథా పోతుందన్నదీ ఉండదు.

ఒకరోజు మా జూనియర్ "మేడమ్, మిషన్ పాడైంది, టోలీన్ వేడెక్కట్లేదు" అంటూ పరుగెత్తుకొచ్చాడు. మిషన్‌కేం కాలేదు. మైక్రోవేవ్‌ని వేడిగా మార్చుకునే గుణం ఇథనాల్‌కి 0.94 అయితే టోలీన్‌కి 0.04 మాత్రమే. మైక్రోవేవ్‌ని బాగా పీల్చి వేడెక్కే సిలికాన్ కార్బైడ్ ముక్క ఒకటి వేస్తే దారికొచ్చింది.

చిరాకులూ ఉన్నాయి. మా మోడల్లో వయల్ మూతలు ఒక్కసారికే పనికొస్తాయి, ఖరీదు చూస్తే టెన్షన్. వేడి కొలిచే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్ చూసేది గాజు బయటి వేడిని. లోపల రియాక్షన్ తనంతట తాను వేడెక్కితే దానికి ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే డబ్బుంటే లోపలి వేడినే కొలిచే ఫైబర్ ఆప్టిక్ ప్రోబ్ కూడా తీసుకోండి. 20 మిల్లీలీటర్లు దాటితే మా మిషన్ చేతులెత్తేస్తుంది. కేజీల్లో కావాలంటే మళ్ళీ ఆవిరి జాకెట్ రియాక్టరే గతి.

ఇంకోటి, వయల్ చల్లబడ్డానికి కంప్రెస్డ్ ఎయిర్ లైన్ కావాలి. అమ్మినవాళ్ళు మాకా మాట చెప్పలేదు. కంప్రెసర్ విడిగా కొన్నాం. దాని రొదకి పక్క బల్లవాళ్ళు ఇప్పటికీ నన్నే తిట్టుకుంటున్నారు.