పదకొండేళ్ళుగా తొక్కుతున్న మా ప్లేయర్ పియానో

న్యూజెర్సీలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ, మోసుకెళ్తే చాలన్నారు. అలా వచ్చింది దానంతటదే వాయించుకునే 1920ల నాటి ఈ పియానో, రెండు అట్టపెట్టెల రోల్స్‌తో (పాటకి తగ్గట్టు చిల్లులు కొట్టిన కాగితపు చుట్టలు) సహా. ఫ్రీ అన్నది మోసుకొచ్చేవరకే. లోపలి రబ్బరు గొట్టాలు మార్పించడంతోనే మొదటి ఏడాది గడిచిపోయింది.

పెడల్స్ తొక్కితే లోపలి గాలి బయటికి పోతుంది. కాగితంలోని చిల్లు ఇత్తడి పట్టీ మీద రంధ్రానికి ఎదురుగా రాగానే ఆ స్వరం మీట దానంతటదే దిగి మోగుతుంది. నాటకాల్లో కాళ్ళ హార్మోనియం చూసినవాళ్ళకి తొక్కుడు కొత్త కాదు. బిగ్గరా, మెల్లగా అన్నది కాళ్ళలోనే ఉంది. మా ఆవిడ తొక్కితే సంగీతం, నేను తొక్కితే కుట్టుమిషన్.

రోల్స్‌ని తేదీల వారీగా పేర్చాకే దీని రుచి తెలిసింది. పాతవి నొటేషన్ చూసి కొలతపెట్టి చిల్లులు కొట్టినవి. తాళం తప్పించి ఊగించే ర్యాగ్‌టైమ్ అనే పాత అమెరికన్ బాణీ కూడా గడియారం కొట్టినట్టే ఉంటుంది. 1910లు గడిచేకొద్దీ మనిషి వాయిస్తుంటే గుర్తులు పడేలా చేసినవి వచ్చాయి. లయలో కాస్త ఊగుడు అప్పుడే వినిపిస్తుంది. ఇక 1921లో జాజ్ పియానిస్ట్ జేమ్స్ పి. జాన్సన్ చేసిన 'కరోలినా షౌట్' రోల్ పెడితే ఎడమచెయ్యి ఒకచోట నిలవదు. తాళం ఇక్కడ పడుతుందనుకుంటే అక్కడ పడుతుంది. తర్వాత పెద్ద జాజ్ విద్వాంసుడైన డ్యూక్ ఎల్లింగ్టన్ కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ రోల్‌ని నెమ్మదిగా తిప్పి, దిగే మీటల్ని చూసి నేర్చుకున్నాడు. నేనూ రోల్ తిరిగే వేగాన్ని మార్చే టెంపో పిడిని 70 నుంచి 40కి దించి, మీటల మీద వేళ్ళు పెట్టి చూశాను. నాలుగేళ్ళయినా మొదటి అర నిమిషం దాటలేదు.

అయితే రోల్‌లో ఉన్నదంతా పక్కాగా వాయించిందే అనుకోకండి. 1920ల పాటల రోల్స్‌లో ఒక్కోసారి పదివేళ్ళకు అందనన్ని స్వరాలు ఒకేసారి మోగుతాయి. తర్వాత కూర్చుని కొట్టిన చిల్లులవి. నాకు మాత్రం ఆ ఆర్భాటమే ఇష్టం. అంచున సాహిత్యం కూడా అచ్చేసి ఉంటుంది, ఇంటికొచ్చినవాళ్ళు ఊరికే ఉండలేరు.

రోల్స్ కొనేముందు ఒక్కటి చూసుకోండి. 1908లో అమెరికా కంపెనీలు బఫెలో నగరంలో కూర్చుని 88 స్వరాలు, అంగుళానికి తొమ్మిది రంధ్రాలు అని ఒప్పుకున్నాయి. అంతకుముందు ఎక్కువగా వాడినవి 65 స్వరాలవి, అంగుళానికి ఆరు రంధ్రాలే. ఆన్‌లైన్‌లో ఒకాయన ఆ పాతరకం రోల్స్ ఆరు నాకు అంటగట్టాడు. మా పియానోకి సరిపోక అల్మరాలో పడున్నాయి.