బండిలో బండ: స్కాట్లాండ్ చలిలో ఆరు రాత్రులు

మోటర్‌హోమ్ అద్దెకిచ్చినాయన టాయిలెట్ ట్యాంకు ఎలా ఖాళీ చేయాలో ఇరవై నిమిషాలు చెప్పాడు. గ్యాస్ గురించి రెండు నిమిషాలు చెప్పాడు. బయటివైపు చిన్న తలుపు తీసి, "ఎర్ర బండ వాడుతూ ఉండండి, అయిపోతే పక్కన నీలం బండ ఉంది" అన్నాడు. మేమూ తలూపాం. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళకు గ్యాస్ బండ గురించి ఇంకొకరు చెప్పేదేముంటుంది అనుకున్నాం. ఆ ధీమా రెండో రాత్రికే దిగింది.

మేముండేది ఎడిన్‌బరోలో. ఇక్కడ బడులకు అక్టోబరు నడుమ వారం సెలవులిస్తారు, మన దసరా సెలవుల్లాగే. ఊరి నుంచి అమ్మ వచ్చి నెలయింది. హోటళ్ళలో ఆవిడకు తిండి కుదరదు, మా తొమ్మిదేళ్ళవాడికి కార్లో కూర్చోవడం కుదరదు. అందుకని వంటగది, పడకలు, బాత్‌రూమ్ అన్నీ చక్రాల మీద ఉండే బండి తీసుకుని ఉత్తర తీరం చుట్టి వద్దామనుకున్నాం. ఇన్వర్నెస్ దగ్గర మొదలై మళ్ళీ అక్కడికే వచ్చే ఈ దారికి 2015లో నార్త్ కోస్ట్ 500 అని పేరు పెట్టారు, మొత్తం 516 మైళ్ళు. మేము అంతా తిరగలేదు. యాపిల్‌క్రాస్ వైపు బెయ్‌లాఖ్ నా బా అనే కొండదారి ఉంది. బాగా పెద్ద వాహనాలకు అది వద్దని మొదట్లోనే బోర్డు పెట్టారు. బోర్డు చదివే ఓపిక నాకుంది కాబట్టి అటు పోలేదు.

మొదటి రాత్రి పిట్లోక్రీ. ఆనకట్ట పక్కన సాల్మన్ చేపలు ఎదురెక్కడానికి 34 అరలతో కట్టిన చేపల మెట్లు మావాడికి తెగ నచ్చాయి. రాత్రికి బండి ఆపుకునే సైటు శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు ధారాళంగా వచ్చాయి. మేము మాత్రం పది పౌండ్లు కలిసొస్తాయని కరెంటు లేని స్థలం తీసుకున్నాం. బండిలో గ్యాస్ హీటర్ ఉందిగా! సాయంత్రం ఆరింటికి దాన్ని పూర్తిగా తిప్పి, పొద్దున దాకా అలాగే వదిలేశాం. లోపల విజయవాడలా ఉంది.

రెండో రాత్రి అవీమోర్ దగ్గర లోఖ్ మోర్లిక్ సరస్సు ఒడ్డు, పైన్ చెట్ల నడుమ. ఈ యాత్రలో చూసిన చోట్లలో నా ఓటు దీనికే. కాకపోతే చుట్టూ కెయిర్న్‌గార్మ్ కొండలు, సముద్రం దూరం, చలి సూటిగా దిగుతుంది. రాత్రి మూడింటికి హీటర్ ఆగిపోయింది. ఫోన్‌లో చూస్తే బయట మైనస్ 1.

టార్చి పట్టుకుని బయటికెళ్ళి ఎర్ర బండ కదిపి చూశాను, తేలిగ్గా ఉంది. దాని నట్టు ఎంత తిప్పినా ఊడదు. ప్రొపేన్ బండలకు మర అటుదిటుగా ఉంటుందని, ఊడదీయాలంటే మామూలుగా బిగించే వైపు తిప్పాలని తర్వాత గుర్తొచ్చింది. నీలం బండకు మన ఇంట్లోలాగే పైనుంచి నొక్కి బిగించే రకం, అది సులువుగానే అయింది. హీటర్ వెలిగింది. రెండు నిమిషాల్లో ఆరింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ ఆరింది. సరే, కనీసం స్టవ్ వెలిగించి తలుపులు వేసుకుందామని చూస్తే అదీ వత్తి తగ్గించిన దీపంలా రెపరెపలాడి పోయింది.

"ఒరేయ్, బండ మీద వేడినీళ్ళు పోస్తేనో?" అంది అమ్మ.

"వేడినీళ్ళు కాయాలంటే గ్యాస్ కావాలి కదా అత్తయ్యా," అంది మా ఆవిడ దుప్పటిలోంచి.

నలుగురం ఒకే పడక మీద చేరి తెల్లారే దాకా గడిపాం. స్టవ్ వెలగకపోవడం మా అదృష్టమని మర్నాడు అర్థమైంది. బండి హీటర్ మంట డబ్బాలో మూసి ఉంటుంది. గాలిని బయటి నుంచి తీసుకుంటుంది, పొగను బయటికే పంపుతుంది. స్టవ్ అలా కాదు, మనం పీల్చే గాలినే తింటుంది, వదిలేదీ మన మధ్యకే. తలుపులన్నీ బిగించిన అంత చిన్న గదిలో అది గంటలకొద్దీ మండితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి వాసన ఉండదు. మనకు తెలిసిన ఆ కుళ్ళు వాసన గ్యాస్ లీకైతే తెలియాలని కంపెనీవాళ్ళు కలిపేది, కాలిన తర్వాత వచ్చే విషానికి ఆ హెచ్చరిక లేదు. అందుకే పైకప్పు కింద మోనాక్సైడ్ అలారం ఉండాలి. బండి తీసుకునేటప్పుడే దాని బొత్తం నొక్కి మోగుతుందో లేదో చూడాలి. మాది మోగుతుంది, నేను చూసింది మాత్రం మూడో రోజున. బార్బెక్యూ బొగ్గుల కుంపటి చల్లారినట్టు కనిపించినా లోపలికి తేకూడదన్నది కూడా ఇందుకే.

పొద్దున అమ్మ తన పాత సూట్‌కేసు జేబులోంచి మందులు తీస్తుంటే విమానం సామాను తూచే చేతికాటా బయటపడింది. మన ఇళ్ళలో అది లేని సూట్‌కేసు ఉండదుగా. ఎర్ర బండను దానికి తగిలించి ఎత్తాను. 8.9 కిలోలు. బండకున్న చిన్న బిళ్ళ మీద ఖాళీ బరువు 19 పౌండ్ల 8 ఔన్సులని ఉంది, అంటే 8.8 కిలోలు. నిండితే అందులో 6 కిలోల గ్యాస్ పడుతుంది. ఇప్పుడు ఉన్నది గుక్కెడు. నీలం బండను ఎత్తితే 15.4 వచ్చింది. దాని ఖాళీ బరువు 8.6. అంటే 7 కిలోల బండలో ఇంకా 6.8 ఉంది. గ్యాస్ ఉంది, రావట్లేదు!

పక్క స్థలంలో యార్క్‌షైర్ నుంచి వచ్చిన రిటైరైన దంపతులు దిగారు. నేను బండను ఎత్తి తూచడం చూసి పెద్దాయన కాఫీ కప్పుతో సహా వచ్చాడు. నీలం రంగు చూడగానే నవ్వాడు. "ఇది వేసవి బండ," అన్నాడు.

విషయం చిన్నదే. బండలో ఉండేది ద్రవం. అది లోపల మరిగి ఆవిరైతేనే పైపులోకి గ్యాస్ వస్తుంది. ఇక్కడ నీలం బండల్లో ఉండేది బ్యూటేన్, అది మరిగేది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర. చలి దాని చుట్టుపక్కలకు వచ్చిందంటే బ్యూటేన్ కుండలో నీళ్ళలా కదలకుండా కూర్చుంటుంది. ఎర్ర బండలో ప్రొపేన్, అది మైనస్ 42 దాకా మరుగుతూనే ఉంటుంది. "నెయ్యి పేరుకున్నట్టా?" అంది అమ్మ. పేరుకోదమ్మా, ద్రవంగానే ఉంటుంది, పొంగదంతే అన్నాను. మన ఇళ్ళకు వచ్చే 14.2 కిలోల బండలో ఈ రెండూ కలిపే ఉంటాయి. గుంటూరు ఎండలకు అది మరగకపోవడమనే సమస్యే లేదు కనుక ఏది ఎంత అని మనం ఎప్పుడూ అడగలేదు. వేడినీళ్ళ సంగతి కూడా పెద్దాయన్ని అడిగాను. బండను ఏ విధంగానూ వేడి చేయొద్దు అన్నాడు, ఈసారి నవ్వకుండా.

అసలు తప్పు ఆయన లోపలికి వచ్చాక బయటపడింది. మా వంటగది కింది అరలో నేలకు జాలీ వేసిన రెండు చిల్లులున్నాయి. మొదటి రాత్రి అందులోంచి ఈదురుగాలి కాళ్ళకు కొడుతోందని అమ్మ అంటే, నేనే ఒక తువ్వాలు కుక్కి, దాని మీద పది కిలోల సోనా మసూరి సంచి పెట్టాను. ఆయన సంచి జరిపి, తువ్వాలు లాగి నా చేతికిచ్చాడు. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ చిల్లులు బండి కట్టినవాడు మర్చిపోయినవి కావు. ఈ గ్యాస్ గాలికంటే బరువు, ప్రొపేన్ దాదాపు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైతే పైకి పోదు, నీళ్ళలా నేల మీద పరుచుకుంటుంది. ఇంట్లోనైతే వంటగది గుమ్మం దాటి ఎటో పోతుంది. ఇక్కడ నేల మొత్తం మన చాప అంత, పోయే దారి ఆ చిల్లులే. బండ పెట్టే అర కూడా అంతే. బయటికే తెరుచుకుంటుంది, లోపలి గదికి సందు ఉండదు, అడుగున గాలి పోయే దారి ఉంటుంది. అందులో చెప్పులు, తాళ్ళు, బంతి కుక్కకూడదు. మేము బంతి పెట్టాం.

అమ్మ అప్పటినుంచి గ్యాస్ బాధ్యత తనే తీసుకుంది. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు మా ఊళ్ళో కొత్తగా పొయ్యి అందుకున్న ఇళ్ళకు వెళ్ళి వెలిగించి చూపించిన మనిషి ఆవిడ. బండ అంచు మీద డి-26 లాంటి గుర్తు చూసి, అది 2026 చివరి మూడు నెలల్లో పరీక్షకు వెళ్ళాల్సినదని చెప్పగలదు. ఇక్కడి బండ మీద ఆ అక్షరాలు దొరక్క కాసేపు నసిగింది, రబ్బరు గొట్టం మీద తేదీ దొరికాక శాంతించింది. సబ్బు నురుగు కీళ్ళకు రాసి బుడగలు వస్తాయేమో చూడటం మాత్రం ఏ దేశమైనా ఒకటే. వాసన వస్తే స్విచ్చులు ముట్టకుండా బండ కట్టేసి, తలుపు తీసి అందరూ బయటికి నడవడం కూడా అంతే.

ఆవిడ నమ్మనిది ఒక్కటే, ఫ్రిజ్. బండి నడుస్తుంటే బ్యాటరీ మీద, సైటులో కరెంటు మీద, రెండూ లేనప్పుడు చిన్న గ్యాస్ మంట మీద చల్లబడుతుంది. "మంట పెడితే పెరుగు పులియకుండా ఉంటుందా?" అని రోజూ గిన్నె తీసి చూసేది. ఆ మంట వల్లే పెట్రోలు బంకులోకి తిరిగే ముందు ఫ్రిజ్ గ్యాస్ మీద లేదని చూసుకోవాలి. మేమైతే బండి కదిలే ముందు బండనే కట్టేశాం. ప్రమాదం జరిగితే తనంతట తాను ఆగిపోయే రెగ్యులేటర్ కొన్ని బండ్లకు ఉంటుంది, మాదానికి లేదు.

అవీమోర్‌లో ఖాళీ ఎర్ర బండ ఇచ్చి నిండుది తెచ్చుకున్నాం, నలభై పౌండ్ల దాకా అయింది. ఏ కంపెనీ బండకు ఆ కంపెనీ బండే ఇస్తారు, ఖాళీది చేతిలో లేకుంటే డిపాజిట్ కట్టాలి. పైకి పోయేకొద్దీ ఊళ్ళు చిన్నవవుతాయి, ఆదివారం దుకాణాల మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక లెక్క మారింది. మా బండిలాంటి 4 కిలోవాట్ల హీటర్ పూర్తిగా తిప్పితే గంటకు 300 గ్రాముల పైనే తాగుతుంది. స్టవ్ ఒక్క బర్నరు అందులో సగం కూడా తాగదు. ఫ్రిజ్ రోజంతా కలిపి 300-400 గ్రాములు. నేనేమో పిట్లోక్రీలో అమ్మ ఇడ్లీ పెడతానంటే గ్యాస్ దండగ అని ఉప్మా చేయించి, హీటర్‌ను రాత్రంతా ఊదించాను. అమ్మతో ఆ సంగతి ఒప్పుకున్నాక ఉల్లాపూల్‌లో ఇడ్లీ అయింది, హార్బర్‌లో స్టోర్నవే వెళ్ళే ఓడ కిటికీలోంచి కనిపిస్తుండగా. అక్కడ కరెంటు ఉన్న స్థలమే తీసుకున్నాం. హీటర్, ఫ్రిజ్ రెండూ కరెంటు మీదకు మార్చేస్తే గ్యాస్ వంటకే మిగిలింది. అక్టోబరులో పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఆ పది పౌండ్ల దగ్గర బేరం చేయొద్దు.

డర్నెస్‌లో కరెంటు స్థలం దొరకలేదు. హీటర్ తక్కువలో పెట్టి, పడుకునే ముందు ఆపేసి, పొద్దున మళ్ళీ వెలిగించాం. ఇబ్బంది పడలేదు. ఊరి అంచున స్మూ గుహ, లోపల జలపాతం, బండి ఆపిన చోటు నుంచి మెట్లు దిగితే చాలు. అమ్మ కూడా దిగింది. అక్కడి నుంచి థర్సో వైపు చాలా దూరం ఒకే వరస రోడ్డు. ఎదుటి బండికి దారివ్వడానికి పక్కన చిన్న జాగాలుంటాయి, దారిచ్చినవాడికి చెయ్యెత్తాలి. అమ్మ ప్రతి బండికీ నమస్కారం పెట్టింది. జాన్ ఓ గ్రోట్స్‌లో ఫొటో స్తంభం తప్ప మాకు ఆగాలనిపించేదేమీ కనిపించలేదు. ఇన్వర్నెస్ సైటులో బట్టలుతికే మెషిన్ దొరికింది, అంతకంటే దాని గురించి రాసేదేం లేదు.

డబ్బు దగ్గరికొస్తే, అద్దె, డీజిలు, సైట్లు కలిపితే రెండు గదుల హోటలు కంటే ఏమీ కలిసిరాలేదు. రాత్రి ఎనిమిదింటికి వేడి అన్నం, చారు, వాన చప్పుడు కలిసొచ్చాయి.

తిరిగిచ్చేటప్పుడు యజమాని బండి చుట్టూ తిరిగి గీతలు వెతుకుతుంటే నేను ఎర్ర బండను కాటాకు తగిలించాను. 12.2. ఇంకా 3.4 కిలోలుంది. తెల్ల టేపు అడిగి తీసుకుని, మిగిలిన బరువు, ఆ రోజు తేదీ దాని మీద రాసి బండకు అంటించాను. నీలం బండ మీద కూడా ఒక ముక్క అంటించి "చలికి పనికిరాదు" అని ఇంగ్లీషులో రాశాను. కింద అమ్మ కోసం తెలుగులో కూడా.