కౌన్సెలర్లకు, సహాయ బృందాలకు సూపర్‌విజన్: హైదరాబాద్‌లోని ఒక సేవపై సమీక్ష

హైదరాబాద్‌లో ఒక సీనియర్ క్లినికల్ సైకాలజిస్ట్ కౌన్సెలర్లకు విడివిడిగానూ, ఆపదలో ఉన్నవారికి సాయపడే సంస్థల సిబ్బందికి బృందంగానూ సూపర్‌విజన్, అంటే తాము చూస్తున్న కేసుల గురించి అనుభవజ్ఞులతో క్రమంగా చర్చించుకునే అవకాశం, అందిస్తున్నారు. కౌన్సెలర్‌గా నేను మొదటి రకం సేవను, నేను పనిచేసే స్వచ్ఛంద సంస్థ హెల్ప్‌లైన్ సిబ్బందితో కలిసి రెండవ రకం సేవను కొంతకాలంగా పొందుతున్నాను. ఆవిడ ప్రచారం కోరుకోరు కనుక పేరు రాయడం లేదు. అయినా ఇటువంటి సేవను ఎంచుకోబోయేవారు ఏమేమి చూసుకోవాలో తెలియడానికి ఈ సమీక్ష పనికివస్తుందని నమ్ముతున్నాను.

మన దగ్గర ఈ అవసరం ఎంత ఉందో ముందుగా చెప్పాలి. క్లినికల్ సైకాలజీలో శిక్షణ పొందుతున్నంతకాలం పెద్దల పర్యవేక్షణ ఉంటుంది, కానీ పట్టా చేతికొచ్చి సొంతంగా కేసులు చూడటం మొదలుపెట్టిన తరువాత ‘ఈ కేసు ఎలా నడుస్తోంది?’ అని అడిగే మనిషి చాలామందికి దొరకరు. బ్రిటన్‌లోని కౌన్సెలర్ల సంఘం బి.ఎ.సి.పి. మాత్రం తన సభ్యులు ఎంత అనుభవజ్ఞులైనా సరే, ప్రాక్టీసులో ఉన్నంతకాలం క్రమం తప్పకుండా సూపర్‌విజన్ తీసుకోవాలని కోరుతుంది. 2022 అక్టోబరులో 14416 నంబరుతో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ప్రారంభమైన నాటినుంచి ఫోనులో బాధలు వినే ఉద్యోగం కూడా మన రాష్ట్రాలలో ఒక వృత్తిగా పెరుగుతోంది. ఆ వినేవారిని ఎవరు వినాలన్న ప్రశ్నను మనం ఇక వాయిదా వేయలేము.

వ్యక్తిగత సెషన్ గంటసేపు సాగుతుంది. కేసు చరిత్ర మొత్తం చదివి వినిపించడానికి ఆవిడ ఒప్పుకోరు. సంభాషణలో మనం ఎక్కడ తడబడ్డామో, ఎక్కడ అవసరానికి మించి మాట్లాడామో ఆ కొద్ది నిమిషాలనే ఎంచుకుని, క్లయింట్ అన్న మాట అన్నట్టుగా తెలుగులోనే రాసుకుని రమ్మంటారు. క్లయింట్ పేరే కాదు, ఊరు, వృత్తి కూడా మార్చి చెప్పాలన్నది నియమం. చిన్న పట్టణాలలో ఇంటిపేరు దాచినా ‘ఫలానా వీధిలో మందుల షాపు ఆయన’ అంటే చాలు, మనిషి ఎవరో తెలిసిపోతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా గుర్తించినా, ఇంత సూక్ష్మంగా దానిని పాటించేవారిని నేను తక్కువగా చూశాను.

ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది సలహా చెప్పడంలో ఆవిడ చూపే నిగ్రహం. ‘మీరే చెప్పండి మేడమ్, నేనేం చెయ్యాలి?’ అని ప్రతి వారం పట్టుబట్టే ఒక క్లయింట్ గురించి మాట్లాడుతూ, నేను కూడా ఆవిడను అదే తొందరతో, అదే స్వరంతో ‘వచ్చే వారం ఏం చెప్పమంటారు మేడమ్?’ అని అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు. ‘ఇప్పుడు మన ఇద్దరి మధ్య జరుగుతున్నది, ఆమెకూ మీకూ మధ్య జరుగుతున్నదానిలా లేదూ?’ అన్నారు. క్లయింట్‌తో ఉన్న సంబంధం సూపర్‌విజన్ గదిలో తెలియకుండానే మళ్ళీ నడుస్తుందని అమెరికన్ మనోవిశ్లేషకుడు హెరాల్డ్ సెర్ల్స్ 1955లోనే వివరించిన సంగతి నేను చదివే ఉన్నాను; అయితే అది నా కేసులోనే జరుగుతుండగా చూపించగలిగినవారు దొరికిన తరువాతే, ఆ క్లయింట్ తొందర వెనుక ఉన్న భయం గురించి ఆమెతో మాట్లాడగలిగాను.

బృంద సెషన్ల పద్ధతి వేరు. 1950లలో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో మనోవిశ్లేషకుడు మైకేల్ బాలింట్ సాధారణ వైద్యులతో జరిపిన చర్చా సమావేశాల పద్ధతినే ఆవిడ మన హెల్ప్‌లైన్ పనికి తగినట్టు మలచుకున్నారు. ఒకరు కాగితం చూడకుండా ఒక కాల్ గురించి చెబుతారు. సందేహాలు తీరాక కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని మౌనంగా వింటారు. మిగిలినవారు ఆ కాల్ చేసిన మనిషికి ఏమనిపించి ఉంటుందో, విన్నవారికి ఏమనిపించి ఉంటుందో ఊహించి మాట్లాడతారు. ‘నువ్వు ఇలా చెప్పి ఉండాల్సింది’ అనే వాక్యం ఎవరి నోట వచ్చినా ఆవిడ మృదువుగా ఆపుతారు. కొత్తగా చేరిన పిల్లలు పెద్దల ముందు నోరు విప్పడం మన కార్యాలయాలలో ఎంత కష్టమో అందరికీ తెలుసు, అందుకే ఆవిడ ముందుగా వారికే మాట ఇస్తారు.

యాజమాన్యానికి ఏం చేరుతుందన్నది ఇటువంటి సెషన్లలో ప్రాణప్రదమైన విషయం. సిబ్బంది మాటలు వార్షిక మదింపులోకి వెళ్తాయన్న అనుమానం ఒక్కసారి పుడితే ఆ గదిలో ఎవరూ నిజం చెప్పరు. ఈ సేవలో మొదటే ఆవిడ, సంస్థ, సిబ్బంది కలిసి త్రైపాక్షిక ఒప్పందం రాసుకుంటారు: సంస్థకు హాజరు వివరాలు, బృందం ఆమోదించిన సాధారణ అంశాలు మాత్రమే చేరతాయి, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు, క్లయింట్‌కు హాని జరుగుతున్నప్పుడు తప్ప దీనికి మినహాయింపు లేదు. సంస్థ డైరెక్టర్ సెషన్‌లో కూర్చుంటానన్నప్పుడు ఆవిడ ఆ ఒప్పందాన్నే చూపి, ‘సార్, మీకు విడిగా ఒక గంట ఇస్తాను’ అన్నారు. ఆ దృఢత్వం చూసిన తరువాతే మా బృందం ఆవిడను నమ్మింది.

లోపాలు కూడా ఉన్నాయి. మొత్తం వ్యవహారం మనం గుర్తుపెట్టుకుని చెప్పినదాని మీదే నడుస్తుంది. క్లయింట్ అనుమతితో రికార్డు చేసిన సెషన్‌ను విని మాట్లాడే అవకాశం లేదు. మనం గమనించనిదే మన పనిలో అసలు సమస్య అయినప్పుడు ఈ పద్ధతికి అది అందదు. కొత్తవారికి ఇది చిన్న కొరత కాదు. రెండు సెషన్ల మధ్య ఆత్మహత్య ప్రమాదం ఉన్న కేసు వస్తే ఆవిడను ఏ సమయంలో, ఎలా సంప్రదించాలో ఒప్పందంలో స్పష్టంగా లేదు. అడిగితే ఫోను చేయమన్నారు గాని, అది కాగితం మీద ఉండవలసిన విషయం. మాట్లాడేదంతా తెలుగులో సాగుతున్నా నింపవలసిన పత్రాలు ఇంగ్లీషులోనే ఉండటం మా క్షేత్ర సిబ్బందికి ఇబ్బందిగా ఉంది. పన్నెండు మందికి మించితే బృంద సెషన్ పలుచబడుతుంది. పెద్ద సంస్థలు రెండు బృందాలుగా విడిపోవడం మంచిది.

రుసుము తక్కువేమీ కాదు. కొత్తగా ప్రాక్టీసు పెట్టినవారికి నలుగురు కలిసి తీసుకునే చిన్న బృందం సెషన్ అందుబాటులో ఉంటుంది, నాణ్యతలో అది వ్యక్తిగత సెషన్‌కు తీసిపోదు. సొంత మనోవ్యథకు చికిత్స కోరుకునేవారు మాత్రం దీనికి రాకూడదు. అటువంటి అవసరం కనిపించినప్పుడు ఆవిడే సెషన్ ఆపి మరొక థెరపిస్టు దగ్గరకు వెళ్ళమని చెబుతారు. స్వచ్ఛంద సంస్థలకు రుసుములో తగ్గింపు ఉంది, అయితే ఆరు నెలలపాటు తీసుకుంటామని ముందే ఒప్పుకోవాలి.