సగం రోడ్డు కల్లమైతే లేన్ అసిస్ట్ ఏం చేస్తది?

రాడార్, కెమెరా ఉన్న ఎలక్ట్రిక్ కారు నాది. రెండేళ్లు దాటింది. అంటే రెండు వానాకాలం కోతలు, రెండు యాసంగి కోతలు చూసిన బండి. రేంజ్, ఛార్జింగ్ గురించి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా. నా పంచాయితీ అంతా లేన్ అసిస్ట్‌తోనే, అంటే బండి గీత దాటకుండా స్టీరింగ్‌ను తనే సర్దే ఫీచర్‌తో.

కొన్న కొత్తలో దాన్ని తెగ మెచ్చుకున్నా. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాక ఇప్పటికీ బాగానే పనిచేస్తది. మధ్యలో డివైడర్, స్పష్టమైన తెల్లగీతలు ఉంటాయి. క్రూజ్ (పెట్టిన వేగాన్ని బండే పట్టుకుని నడిచే ఫీచర్) 80లో పెడితే కొర్లపహాడ్ టోల్ దాకా కాలికి పెద్దగా పని ఉండదు. కాకపోతే పొద్దున్నే సూర్యాపేట వైపు పోతుంటే ఎండ సూటిగా కెమెరాకు కొడితే లేన్ అసిస్ట్ గీతలు వదిలేస్తది. వానపడ్డ రాత్రి కూడా అంతే.

హైవే దిగి మిర్యాలగూడ, హాలియా పక్క ఊళ్ల రోడ్లు పట్టినంక అసలు తకరారు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించితే వడ్లు కాంటా పెట్టరు. తారు వేడికి తొందరగా ఆరతాయి కాబట్టి కోతల కాలంలో సగం రోడ్డు కల్లమే. కల్లాలు లేని రైతును అని లాభం లేదు. వడ్ల చుట్టూ వరుసగా రాళ్లు, రాత్రయితే పైన నల్ల పట్టాలు.

కుప్ప ఎడమవైపు ఉంటుంది, మీరు స్టీరింగ్ కుడికి తిప్పుతారు. ఇండికేటర్ వేయకుండా మధ్యగీత దాటితే డ్రైవర్ కునికాడనుకుని లేన్ అసిస్ట్ స్టీరింగ్‌ను ఎడమకు గుంజుతది, అంటే రాళ్ల మీదికే. గట్టిగా పడితే చేతికి లొంగుతది, కానీ ఎదురుగా బైకు వస్తుంటే ఆ అర సెకను గుంజులాట చాలు. ఇండికేటర్ వేస్తే ఊరుకుంటది. ప్రతి కుప్పకూ ఇండికేటర్ వేసే ఓపిక ఎవరికుంటది? ఊళ్ల రోడ్డు ఎక్కేముందే బటన్ నొక్కి ఆపేయడం మేలు. నా బండిలో స్టార్ట్ చేసిన ప్రతిసారీ అది మళ్లీ ఆన్ అయితది. టీకి ఆగి బయలుదేరినా మళ్లీ ఆపాల్సిందే.

క్రూజ్ సంగతి ఇంకా ప్రమాదం. ముందు లారీ పోతుంటే దాని వేగాన్ని పట్టుకుని నడుస్తది. లారీ ఒక్కసారి పక్కకు తప్పుకుంటే దారి ఖాళీ అనుకుని మళ్లీ 80 అందుకోబోతది. లారీ ఎందుకు తప్పుకుంది? ముందు కుప్ప ఉందనో, వెనక లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ ఆగి ఉందనో. బోర్డులకూ వంతెనలకూ ఊరికే బ్రేకు పడకుండా, కదలని వస్తువులను చాలావరకు లెక్కలోకి తీసుకోకుండానే ఇలాంటి రాడార్‌ను తయారుచేస్తారు. కెమెరాకేమో వాహనం వెనక భాగం ఆకారం కావాలి; వరిగడ్డి వేలాడే ట్రాలీకి ఆ ఆకారమే ఉండదు. 80లో సెకనుకు 22 మీటర్లు పోతాం. క్రూజ్‌లో దూరం సెట్టింగు అన్నిటికన్నా ఎక్కువలో పెట్టినా, లారీ తప్పుకున్నాక మిగిలే టైము రెండు మూడు సెకన్లే. లారీ ఇండికేటర్ వెలగ్గానే మీ కాలు బ్రేకు మీద ఉండాలి.

కోతల రోజుల్లో పొట్టు, దుమ్ము పట్టి సెన్సార్ మూసుకుపోయిందని మెసేజ్ వస్తది. ముందు బంపర్ మీద రాడార్ ఉన్నచోట తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు, వాటర్ సర్వీస్ గన్ దగ్గర పెట్టి కొట్టొద్దు. ముందు అద్దం మారిస్తే కెమెరా క్యాలిబ్రేషన్ (దాని చూపును మళ్లీ సరిచేయడం) తప్పనిసరి. బయట షాపులో అద్దం వేయించి ఊరుకుంటే గీతలు పక్కకు జరిగినట్టు చూస్తది. ఆ ఖర్చు ఇన్సూరెన్స్‌లో వస్తదో లేదో ముందే అడగండి.

అనుకోకుండా నచ్చింది రీజెన్, అంటే బండి నిదానించేటప్పుడు ఆ శక్తితో బ్యాటరీ ఛార్జ్ కావడం. గొర్ల మంద వెనక పాకుతూ పోయేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలు, బండి నిదానిస్తది. కానీ ఇంట్లో బ్యాటరీ 100 శాతం నింపి బయలుదేరితే మొదటి కొన్ని కిలోమీటర్లు రీజెన్ దాదాపు ఉండదు, బ్రేకు గట్టిగానే తొక్కాలి. 90 దగ్గర ఆపితే ఈ బాధ తక్కువ.

నా తిరుగుడు ఎక్కువగా నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు, అదీ పగలు. కాబట్టి ఈ ఫీచర్లున్న పై వేరియంట్‌కు పెట్టిన డబ్బులు నాకు గిట్టాయనే అనుకుంటున్నా. మీది రాత్రిపూట ఊళ్ల మీద తిరిగే పనైతే కింది వేరియంట్ తీసుకుని, మిగిలిన దాంట్లో మంచి హెడ్‌లైట్లు, టైర్ల సంగతి చూసుకోవడం నయమేమో.